రైలు పోయాక మిగిలేది తూము

(విజయవాడలో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. మొదలుపెట్టే ముందు ఒక చిన్న మనవి. నా నెత్తి మీదున్న ఆ ఫ్యాను కాస్త తగ్గించండి, మైకులోకి గాలి కొడుతోంది... ఆఁ, ఇప్పుడు బావుంది. ఈ గాలి గొడవ మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి.

నాది గుంటూరు. చేసేది లెక్కలు రాసే ఉద్యోగం. రైల్వేలో నాకు చుట్టాలెవరూ లేరు, ఇంజనీరింగ్ చదవలేదు. తొమ్మిదేళ్ళుగా ఆదివారాలూ పండగ సెలవులూ పట్టుకుని, రైళ్ళు నడవడం మానేసిన పాత లైన్ల వెంట నడుస్తున్నాను, వీడియోలు తీస్తున్నాను. మా ఇంట్లో దీన్ని ‘కంపల్లో తిరగడం’ అంటారు. అది కూడా తప్పేం కాదు.

మొదటి వీడియో పదకొండు నిమిషాలు. రెండు నెలలు కష్టపడ్డాను. ముందుగా మా బావకి చూపించాను. ఆయన చివరిదాకా ఓపిగ్గా చూసి, ‘ఏరా, బాగానే ఉంది గానీ, రైలెప్పుడొస్తుంది?’ అన్నాడు. (నవ్వులు) ఆయన ఇవాళ ఇక్కడే ఉన్నాడు, మూడో వరసలో. ఆ మాటకి అప్పుడు ఒళ్ళు మండింది గానీ, తర్వాత ఆలోచిస్తే ఆయన తప్పేం లేదు. రైలు రాదని తెలిశాక ఇందులో ఏం చూడాలో నేను చూపించలేదు. అసలు ఏం చూడాలో అప్పటికి నాకే తెలీదు. పట్టాల కోసం వెతికేవాణ్ణి. పాత లైన్ మీద అన్నిటికంటే ముందు మాయమయ్యేవి పట్టాలే. ఇనుము కాబట్టి వేలం వేస్తారు. తర్వాత స్లీపర్లు, అంటే పట్టాల కింద అడ్డంగా వేసే దిమ్మెలు. ఆ తర్వాత కంకర, ఎవరి వాకిట్లోకో, డొంక రోడ్డు మీదకో పోతుంది. ఆఖరికి కట్ట మట్టి కూడా ట్రాక్టర్లకెక్కుతుంది.

మరి మిగిలేది ఏంటి? తూము. కల్వర్టు అనండి, ఖానా అనండి. దాన్ని ఎవరూ ముట్టుకోరు. అవతలి చేనుకి నీళ్ళు అందులోంచే పోవాలి కదా! పట్టాలు పీకితే రైలొక్కటే ఆగుతుంది, తూము పీకితే ఊళ్ళో తగాదా మొదలవుతుంది. అందుకే పాత లైన్ వెతకాలంటే పట్టాలు వెతక్కండి, నీళ్ళు దాటే చోట్లు వెతకండి. నేను ఇవాళ చెప్పదలుచుకున్నది నిజానికి ఇంతే. అయినా గంట టైమిచ్చారు కాబట్టి ఇంకాస్త చెబుతాను.

మన చుట్టుపక్కల పాత లైన్లు ఎందుకొచ్చాయో ముందు చూద్దాం. బెజవాడకి రైలు రెండు వైపుల నుంచి, రెండు వెడల్పుల్లో వచ్చింది. హైదరాబాద్ వైపు నుంచి నిజాం వారి రైలు 1889లో వచ్చింది, అది బ్రాడ్ గేజ్. పడమటి నుంచి, అంటే గుంతకల్లు, నంద్యాల మీదుగా నల్లమల దాటుకుని, గుంటూరు గుండా వచ్చిన సదరన్ మరాఠా రైల్వే వారిది మీటర్ గేజ్. కృష్ణ మీద రైలు వంతెన 1893లో తెరిచారు. పట్టాల మధ్య దూరం బ్రాడ్ గేజ్‌లో 1676 మిల్లీమీటర్లు, మీటర్ గేజ్‌లో పేరులో ఉన్నట్టే 1000. ఒక బండి రెండో దాని మీద నడవదు. సరుకంతా ఒక వ్యాగన్లోంచి దించి ఇంకో వ్యాగన్లోకి ఎక్కించాలి. మిరపకాయల బస్తాలు అలా మార్చేటప్పుడు ఆ హమాలీలు ఎన్ని తుమ్ములు తుమ్మి ఉంటారో ఊహించుకోండి.

1992లో యూనిగేజ్ అని పెట్టుకుని, దేశమంతా ఒకే వెడల్పు ఉండాలని మీటర్ గేజ్ లైన్లు మార్చడం మొదలుపెట్టారు. మన గుంటూరు–గుంతకల్లు, గుంటూరు–మాచర్ల రెండూ ఆ దశాబ్దంలో మారినవే. ఇక్కడే నాలాంటి వాడికి ఒక చిక్కుంది. మైదానంలో పాత మీటర్ గేజ్ కట్టనే వెడల్పు చేసి, దాని మీదే బ్రాడ్ గేజ్ వేశారు. అంటే నరసరావుపేట చుట్టుపక్కల పాత లైన్ చాలావరకు పోలేదు, కొత్త లైన్ కిందే పడుకుంది. దాన్ని చూడలేం. బయటపడి ఉండేవి ముక్కలే. ఒంపు సరిచేసినప్పుడు పక్కకి వదిలేసినవి, క్వారీలకో మిల్లులకో వెళ్ళిన పక్క లైన్లు, పాత గూడ్సు షెడ్డు వెనకాల మూడు వందల గజాలు, అలాంటివి.

కొండల్లోకి వస్తే కథ వేరు. మీటర్ గేజ్‌లో 16 డిగ్రీల దాకా ఒంపు తిప్పొచ్చు. మామూలు మాటల్లో, 109 మీటర్ల వ్యాసార్థం ఉన్న గుండ్రంలో బండి తిరిగిపోతుంది. బ్రాడ్ గేజ్‌కి 10 డిగ్రీలే హద్దు, 175 మీటర్లు కావాలి. మేక తిరిగే మలుపులో ఎద్దులబండి తిరగదు కదా, అలాగన్నమాట. కొండ అంచు పట్టుకుని మెలికలు తిరిగిన పాత దారి కొత్త బండికి పనికిరాదు. అప్పుడు పాత దారి వదిలేసి సొరంగం తవ్వాలి. నల్లమలలో బొగడ, చెలమ మధ్య జరిగింది ఇదే. అక్కడ లోయ మీద దొరబావి వంతెన అని చాలా ఎత్తయినది మీటర్ గేజ్ కాలంలో ఉండేది. గేజ్ మార్చినప్పుడు లైన్‌ని సొరంగంలోకి మళ్ళించారు, వంతెన ఇనుము విప్పి తీసుకెళ్ళిపోయారు.

‘మరి ఆ వీడియో ఏదండీ?’ అని అందరూ అడుగుతారు. లేదు. అది అడవి, పులులున్న అడవి. అటవీశాఖ అనుమతి లేకుండా లోపలికి వెళ్ళే చోటు కాదు. నాకింకా అనుమతి లేదు, కాబట్టి వెళ్ళలేదు. రీల్స్ కోసం దొంగతనంగా వెళ్ళొచ్చి గొప్పలు చెప్పుకునే కుర్రాళ్ళని చూస్తే నాకు చిరాకు. అలాంటి వాళ్ళు ఒక్కసారి దొరికితే ఆ తర్వాత సక్రమంగా అడిగిన వాడికి కూడా గేటు మూసేస్తారు.

అడవిదాకా వెళ్ళకుండా పెద్ద పాత వంతెన చూడాలంటే రాజమండ్రి ఉంది. గోదావరి మీద హేవలాక్ వంతెన, 56 ఖానాలు. 1900లో తెరిచారు, 1997లో ఆపేశారు. విశాఖ వైపు వెళ్ళే రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే మీరే చూడొచ్చు, టికెట్ డబ్బుల్లోనే. నేను దాన్ని మూడుసార్లు తీశాను. నిజం చెబితే మూడుసార్లూ బోర్ కొట్టింది. అందరికీ తెలిసింది, అందరూ తీసింది. నా సరదా అంతా మోకాలెత్తు తూముల దగ్గరే.

సరే, వెతకడం ఎలా? ముందు ఇంట్లో కూర్చుని. 1950ల్లో అమెరికా సైన్యం వాళ్ళు మన దేశానికి గీసిన పటాలున్నాయి, యూ 502 సిరీస్ అంటారు. టెక్సాస్ యూనివర్సిటీ లైబ్రరీ వాళ్ళు నెట్‌లో ఊరికే పెట్టారు. అందులో రైలు గీతలు చూసి, అదే చోటు ఇవాళ్టి ఉపగ్రహ చిత్రంలో చూడాలి. ఇంకోటి, మన భూముల రికార్డులుండే మీభూమి సైట్‌లో గ్రామ పటాలు. చేలన్నీ పలకల్లా, ముక్కల్లా ఉంటాయి. వాటి మధ్యలోంచి పాములాగా సన్నగా, పొడుగ్గా ఒక సర్వే నంబరు జారిపోతూ కనిపిస్తే ఆగండి. కాలవైనా కావాలి, రైలైనా కావాలి.

ఆ రెండింటి మధ్యే నేను మోసపోయాను. మే నెల, మిట్టమధ్యాహ్నం, ఎండ మాడిపోతోంది. కట్ట కనిపించింది. ఎత్తు సరిగ్గా ఉంది, ఒంపు సరిగ్గా ఉంది. కెమెరాకి వ్యాఖ్యానం చెప్పుకుంటూ నాలుగు కిలోమీటర్లు నడిచాను. ‘ఇదిగో, వందేళ్ళ కిందట ఈ దారిలో...’ అని తెగ చెప్పాను. తుమ్మచెట్టు నీడన గొర్రెలు కాసుకునే ఒకాయన కూర్చుని ఉన్నాడు. ‘ఏందయ్యా, కాలవగట్టు మీద ఎవరితో మాట్టాడతన్నావు?’ అన్నాడు. (నవ్వులు) ఎండిపోయిన పిల్లకాలవ గట్టది! ఆ నాలుగు కిలోమీటర్లూ తిరిగి నడిచాను, ఈసారి మాటల్లేకుండా.

ఆయన పక్కన కూర్చుని మజ్జిగ తాగుతూ నేర్చుకున్నదేంటంటే, కాలవగట్టు నీటికి లొంగి నడుస్తుంది. నేల పల్లం ఎటుంటే అటు వంపు తిరుగుతుంది. రైలు కట్ట అలా కాదు, నేలని లెక్కచేయదు. పల్లం వస్తే మట్టి పోసుకుని, మెరక వస్తే కోసుకుని పోతుంది. అడ్డొచ్చిన ప్రతి వాగుకీ బోదెకీ కింద తూము వదులుతుంది. కాబట్టి కట్ట కింద రాతి తూము కనిపించేదాకా నోరు తెరవకూడదని నియమం పెట్టుకున్నాను. ఇంకో గుర్తు కూడా ఉంది. కట్ట పోయడానికి మట్టి ఎక్కణ్ణుంచో తేలేదు, పక్కనే తవ్వారు. అందుకని పాత లైన్ పొడుగునా ఒక పక్కన వరసగా గుంటలుంటాయి. వాటి నిండా జమ్ము, తుంగ. కట్ట పూర్తిగా చదును చేసేసినా గుంటల వరస మిగిలిపోతుంది.

కట్ట కూడా లేదు, దున్నేశారు, అప్పుడేం చేస్తాం? పైరు చూడాలి. మన డెల్టాలో వరి కోతకి కాస్త ముందు, చేలో ఉన్న తేమలోనే మినుము చల్లుతారు కదా. సంక్రాంతి దాటాక మిట్ట మీదకి ఎక్కి చూడండి. చేనంతా పచ్చగా ఉండి, మధ్యలో ఒక పట్టీ మాత్రం పొట్టిగా, ముందే పసుపు తిరిగి కనిపిస్తుంది. కింద బిగిసిన కంకర మొండి, వేరు దిగదు. పల్నాడు నల్లరేగడిలోనైతే ఇంకా తేలిక. దుక్కి దున్నినప్పుడు నల్లనేలలో ఎర్ర గీత లేస్తుంది. అది కట్టకి పోసిన మొరం. ఒక రైతుని అడిగితే, ‘ఆ చెక్కలో ఏదేసినా ఏడుపే, దాన్ని మేం రైలు చెక్క అంటాం’ అన్నాడు. రైలెప్పుడు పోయిందయ్యా అంటే ఆయనకి తెలీదు. వాళ్ళ నాన్న అలా పిలిచేవాడట.

ఇవన్నీ వీడియోలో పడాలంటే పొద్దున ఆరు, ఆరున్నర మధ్యలో తీయాలి. ఎండ వాలుగా పడితే జానెడు ఎత్తు గట్టుకి కూడా నీడ ఉంటుంది. పది దాటితే నేలంతా చపాతీ. డ్రోన్ ఎగరేసేవాళ్ళు, ఎక్కడ ఎగరేయొచ్చో చూపే డిజిటల్ స్కై మ్యాప్ చూడకుండా ఎగరేయకండి. గన్నవరం విమానాశ్రయం దగ్గరే ఉంది. ఇంకో మాట, పట్టాలు పీకేసినంత మాత్రాన ఆ నేల మనది కాదు, రైల్వేదే. అడిగి వెళ్ళండి. పక్కనే నడుస్తున్న లైన్ ఉంటే దాని మీద కాలు పెట్టకండి. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద అది నేరం. అది పక్కన పెట్టినా, ఇప్పటి కరెంటు ఇంజన్ దగ్గరకొచ్చేదాకా చప్పుడు చేయదు. సర్కారు తుమ్మ ముళ్ళు చెప్పు అడుగు దాటి దిగుతాయి, బూట్లు వేసుకోండి. తూములోకి తల పెట్టే ముందు కర్రతో కొట్టండి. లోపల చల్లగా ఉంటుంది, మనకంటే ముందు పాములు కనిపెట్టాయి.

ఇప్పుడు గాలి సంగతి. ఒక ఊళ్ళో, ఊరి పేరు చెప్పను, పాత ఇనుము వాళ్ళు కూడా వీడియోలు చూస్తారు. అక్కడ మీటర్ గేజ్ కాలంలో కీమేన్‌గా చేసిన పెద్దాయన ఉన్నాడు. కీమేన్ అంటే రోజూ భుజాన సుత్తీ స్పానరూ వేసుకుని, తన వంతు లైనంతా నడుస్తూ, పట్టాల్ని పట్టి ఉంచే కీలు వదులైతే బిగించే మనిషి. ఆయన్ని కట్ట మీదకి తీసుకెళ్ళాను. నలభై నిమిషాలు చెప్పాడు. వానలో రాత్రి గస్తీ, లాంతరు, ఏ ఒంపు దగ్గర బండి చక్రాలు ఎలా మూలిగేవో, అన్నీ చెప్పాడు. ఇంటికొచ్చి హెడ్‌ఫోన్ పెట్టుకుంటే నలభై నిమిషాలూ హోరు గాలి! మాట ఒక్కటి లేదు. మైకుకి బొచ్చు తొడుగు కొనుక్కుని మరుసటి ఆదివారం మళ్ళీ వెళ్ళాను. ‘బాబాయ్, ఆ కథలు ఇంకోసారి చెప్పండి’ అంటే, ‘మొన్న చెప్పాగా’ అన్నాడు. అంతే. మరి నోరు విప్పలేదు.

కానీ నాతో నడిచాడు. అప్పుడు చూశాను ఆయన నడక. అడుగులు పొట్టిగా, అన్నీ ఒకే కొలతలో పడుతున్నాయి. కాసేపటికి అర్థమైంది, ఆయన స్లీపర్ మీంచి స్లీపర్ మీదకి అడుగేస్తున్నాడు. స్లీపర్లు పోయి పాతికేళ్ళు! తిరిగొచ్చేటప్పుడు ఊళ్ళో సిమెంటు రోడ్డు మీద కూడా అదే అడుగు. రెండు ఖానాల తూము ఒకటొచ్చింది. దాన్ని చూడకుండానే ‘పద్నాలుగు’ అన్నాడు. వంగి చూస్తే గోడ మీద తెల్లరంగులో 14 అంకె సగం చెరిగిపోయి ఉంది. ఆ తర్వాత ఆయన మాట్లాడిందల్లా అంకెలే. పదిహేను. పదహారు. పదిహేడో నంబరు దగ్గర ఆగి, కిందికి దిగి, ఖానాలో అడ్డం పడ్డ కంప ఒకటి లాగి పక్కన పడేసి పైకొచ్చాడు. ‘నీళ్ళు పోవద్దా’ అన్నాడు. నేను తీసిన వాటిల్లో నాకు నచ్చిన ముక్క అదొక్కటే. పదకొండు సెకన్లు ఉంటుంది.

లైన్ చచ్చిపోయిందని తొందరపడి అనకూడదని కూడా నేర్చుకున్నాను. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో రైలొచ్చింది. 1940లో యుద్ధం అవసరాలకని పట్టాలు పీకి పట్టుకుపోయారు. అరవై ఏళ్ళకు పైగా ఆ దారి ఖాళీగా ఉంది. 2004లో మళ్ళీ పట్టాలేసి, రైలు బస్సు, అంటే పట్టాల మీద నడిచే బస్సులాంటి బండి, నడిపారు. నాలాంటి వాడు 1980ల్లో అక్కడికెళ్ళి విషాద సంగీతం వేసి వీడియో తీసి ఉంటే ఎలా ఉండేది చెప్పండి! అందుకే నేను సంగీతం వేయను. పిట్టల గోల, ట్రాక్టర్, ఎవరో ఎవర్నో కేకేయడం, అక్కడ ఏది వినిపిస్తే అదే ఉంచుతాను.

పట్టాలు వేలంలో పోతాయన్నాను గానీ, అన్నీ పోవు. ఊళ్ళల్లో కళ్ళు తెరిచి చూస్తే దూలం కింద ఒకటి, గేటు స్తంభంగా ఒకటి కనిపిస్తాయి. నాకు దొరికిన మంచిది వినుకొండ అవతల ఒక చిన్న బడిలో ఉంది. వేపచెట్టు కొమ్మకి మూరెడు పట్టా ముక్క వేలాడుతోంది. బడి గంట. కొట్టడానికి పక్కనే ఒక బోల్టు. పాత పట్టా నడుం మీద, అది తయారైన చోటే, కంపెనీ పేరూ సంవత్సరమూ ఉబ్బెత్తు అక్షరాల్లో అచ్చు పడి ఉంటాయి. తుప్పులో కంటికి ఆనవు. హెడ్‌మాస్టరు గారిని అడిగి సుద్దముక్క తెచ్చుకున్నాను. పక్కవాటంగా రుద్దితే ఎత్తుగా ఉన్న చోట మాత్రమే తెలుపు అంటుకుంటుంది. పిల్లలంతా చుట్టూ మూగారు. ముందు సగం తెగిపోయిన ఒక ఇంగ్లీషు పేరు తేలింది. తర్వాత ఒకటి. ఎనిమిది. ఇంకో ఎనిమిది. నాలుగో అంకె లేదు. ఆ చోట ఇనుము నున్నగా, గిన్నె అడుగులా మెరుస్తోంది. పిల్లలు ఇన్నేళ్ళుగా బోల్టుతో కొడుతున్నది సరిగ్గా అక్కడే.

‘ఇంకో పక్క కొట్టి ఉంటే తెలిసేది కదండీ’ అన్నాను. ‘ఇంకో పక్క కొడితే మోగదు సార్’ అన్నాడు ఒక అయిదో తరగతి వాడు.

సరే, మీకో నాలుగు నిమిషాల ముక్క చూపిస్తాను. లైట్లు ఆర్పేయండి. మొదట రెండు నిమిషాలు తూము లోపలి నుంచి తీసింది, నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ ఉండదు, ప్రొజెక్టర్ పాడైందనుకోకండి. మూడో నిమిషంలో ఒక మేక వస్తుంది. చివర్లో గంట మోగుతుంది, వెనకాల వరసల వాళ్ళకి వినపడకపోతే చెయ్యెత్తండి, సౌండ్ పెంచుతారు. బావా, రైలు రాదు, ముందే చెబుతున్నా.